12 హెచ్‌పీ అని రాసి ఉన్నంత మాత్రాన ఆ ఇంజన్ మీ ట్రాక్టర్‌లో కూర్చోదు

ప్రశ్న: "నా దగ్గర రెండు పాత కబ్ కాడెట్ గార్డెన్ ట్రాక్టర్లు ఉన్నాయి. రెండిటికీ 12 హెచ్‌పీ కోహ్లర్ ఇంజనే. ఒకదాని ఇంజన్ పట్టేసింది. రెండోది నడుస్తుంది కానీ రేకులన్నీ తుప్పు. నడిచే ఇంజన్ తీసి మొదటిదానికి ఎక్కించి, మిగిలిన బండిని స్క్రాప్‌కి వేసేయొచ్చా?"

వేయకండి. ఇంజన్ ఎక్కుతుందా ఎక్కదా అన్నది తర్వాత చూద్దాం, ముందు ఆ స్క్రాప్ ఆలోచన మానుకోండి. రేకుకి తుప్పు పడితే గీకి, అతుకు వేసి రంగు కొట్టుకోవచ్చు. నడుస్తున్న బండిని విప్పి పారేశాక అది మళ్ళీ బండి కాదు. ఈ మాట కోపంగా అంటున్నానని అనుకోకండి, ఒకసారి నేనూ ఆ అంచు దాకా వెళ్ళి వచ్చినవాణ్ణి కాబట్టి అంటున్నాను.

మీరు మోడల్ నంబర్లు రాయలేదు. అసలు ఎవరూ రాయరు! పసుపు తెలుపు బండి, 12 హెచ్‌పీ, ఇంతే రాస్తారు. హెచ్‌పీ చూస్తే తెలిసేది సిలిండర్ లోపలి సంగతి మాత్రమే. కోహ్లర్ కె సిరీస్‌లో 10 హెచ్‌పీ కె241కి బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు) 3.25 అంగుళాలు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 2.875. 12 హెచ్‌పీ కె301కి బోర్ 3.375, స్ట్రోక్ 3.25. 14 హెచ్‌పీ కె321కి స్ట్రోక్ అంతే, బోర్ మాత్రం 3.5. 16 హెచ్‌పీ కె341 వచ్చేసరికి బోర్ 3.75. బయటినుంచి చూస్తే అన్నీ ఒక తల్లి పిల్లల్లాగే ఉంటాయి. కానీ కోహ్లర్ ఇదే ఇంజన్‌ని ఎన్నో ట్రాక్టర్ కంపెనీలకి ఇచ్చింది, బండికి తగ్గట్టు కింది ఆయిల్ పాన్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే డబ్బా), ఫ్లైవీల్ దగ్గరి అమరిక, చుట్టూ ఉండే రేకులు మారిపోయాయి. కాబట్టి రెండు ఇంజన్ల మీదా కె301 అనే ఉన్నా ఒకటి దిగుతుంది, ఇంకొకటి దిగదు.

నాకు ఇది ఎలా తెలిసిందో చెప్తాను.

నా మొదటి బండి కబ్ కాడెట్ 122 మోడల్, 1960ల మధ్యలోది, గేర్ బండి. దాని ఇంజన్ పట్టేసింది. కొన్నాళ్ళకి 128 మోడల్ ఒకటి దొరికింది, 1970ల మొదట్లోది, అది కూడా 12 హెచ్‌పీయే, పైగా నడుస్తోంది. అమ్మినాయన "నాలుగు బోల్టులు విప్పండి, నాలుగు బోల్టులు బిగించండి, అంతే పని" అన్నాడు. నమ్మాను. ఒక సెలవురోజు పొద్దున్నే 128 ఇంజన్ విప్పి, చెయిన్ బ్లాకుకి వేలాడదీసి, 122 ఛాసిస్ మీదకి తెచ్చాను. మా బావమరిది కింద పడుకుని టార్చి పట్టుకున్నాడు, నేను పైనుంచి గొలుసు వదులుతున్నాను. సగం దిగి ఆగిపోయింది. వైరు ఏదైనా అడ్డం పడిందేమో అని ఎత్తి మళ్ళీ దింపాను. మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారి కాస్త బలం పెట్టి నొక్కాను.

"బావా, నొక్కకు. ఇది వైరు కాదు, ఇంజన్ అడుగే వెడల్పు" అన్నాడు కిందనుంచి.

టేపు పెట్టి చూస్తే నిజమే. 1971 దాకా వచ్చిన కబ్ కాడెట్లకి ఛాసిస్ ఇరుకు, 128 తరం నుంచి ఛాసిస్ వెడల్పు. ఆ వెడల్పు ఛాసిస్‌కి తగ్గట్టు పోసిన ఆయిల్ పాన్ పాత ఇరుకు ఛాసిస్ పట్టీల మధ్యకి రాదు. ఆ తర్వాత 1974లో వచ్చిన క్వైట్ లైన్ బళ్ళలో ఇంజన్‌ని రబ్బరు మౌంట్ల మీద కూర్చోబెట్టారు, వాటి పాన్ మళ్ళీ వేరు. అంటే అదే 12 హెచ్‌పీ ఇంజన్‌కి ఒక్క కంపెనీలోనే మూడు రకాల అడుగులు. ఈ ఒక్క సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే నాకు ఒక రోజు మిగిలేది.

అప్పటికి చీకటి పడింది, ఆకలి, చేతులంతా జిడ్డు. నేను గ్రైండర్ తీశాను. పాన్ చెవులు కోద్దామా, ఛాసిస్ పట్టీ కోద్దామా అని చూస్తున్నాను, నిజంగానే. మా బావమరిది వెళ్ళి గ్రైండర్ ప్లగ్గు పీకేశాడు. "రేపు చూద్దాం బావా, ఇవాళ వద్దు" అన్నాడు. ఆ ప్లగ్గు పీకడం వల్ల రెండు బళ్ళు బతికాయి, ఆ రుణం నేను మర్చిపోను.

మర్నాడు తేలింది, దారి చాలా తేలిక. పట్టేసిన పాత ఇంజన్ కింది పాన్ విప్పి, 128 ఇంజన్ పాన్ కూడా విప్పి, ఇరుకు పాన్ దీనికి బిగించడమే. బ్లాకు కింద బోల్టుల వరస రెండిటికీ ఒకటే. కొత్త ప్యాకింగ్ ఒకటి చాలు.

కానీ 128 ఇంజన్ పాన్ ఊడదీసి తిరగేసినప్పుడు అడుగున నల్లటి మడ్డి పేరుకుని ఉంది. వేళ్ళతో తీసి నలిపితే ఏదో గరుకుగా తగిలింది. తెల్ల గుడ్డ మీద వేసి కిరోసిన్‌తో తుడిచాను. గోరు చివర అంత ఇనప ముక్క. ఒక వైపు నున్నగా, మెరుస్తూ, కొంచెం వంపు తిరిగి ఉంది. ఇంకో వైపు పంచదార పలుకుల్లా గరుగ్గా, విరిగిన చోటు. అది పన్ను, గేరు పన్ను!

ఈ ఇంజన్లలో చాలావాటికి లోపల బ్యాలన్స్ గేర్లని రెండు ఉంటాయి. సింగిల్ సిలిండర్ కదా, అదురు తగ్గించడానికి బరువు గేర్లు పెట్టి క్రాంక్‌తో పాటు తిప్పుతారు. వాటి సూది బేరింగులు అరిగితే గేరు ఊగుతుంది, పళ్ళు విరుగుతాయి, చివరికి గేరే విరిగి తిరుగుతున్న క్రాంక్‌కి తగిలి బ్లాకు గోడకి చిల్లు పెట్టుకుని బయటికొస్తుంది. నా చేతిలో ఉన్నది ఆ కథ మొదటి ముక్క. పాన్ సరిపోయి ఉంటే ఆ ముందు రాత్రే ఇంజన్ దించేసి, స్టార్ట్ చేసి, పని మీద వాడేసేవాణ్ణి, ఆ రెండో పన్ను ఎక్కడ విరిగేదో ఆలోచిస్తేనే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. నడిచే ఇంజన్ అంటే మంచి ఇంజన్ అని కాదు, ఇంకా ఆగని ఇంజన్ అని మాత్రమే. మీ రెండో బండి ఇంజన్ గురించి కూడా నేను ఇదే అంటాను, పాన్ విప్పకుండా దాన్ని మంచిది అనకండి.

మొత్తం విప్పేశాను. బ్యాలన్స్ గేర్లు తీసి పక్కన పెట్టేశాను, తిరిగి వేయలేదు. అదురు కాస్త పెరుగుతుంది, పెరగనివ్వండి. వాటిని ఉంచుకోవాలని వాదించేవాళ్ళు ఉన్నారు, వాళ్ళెవరూ పాన్‌లో పన్ను చూసినవాళ్ళు కాదని నా నమ్మకం.

తర్వాత క్రాంక్ పిన్, అంటే పిస్టన్ రాడ్ క్రాంక్‌ని పట్టుకునే చోటు. కొత్తగా ఉన్నప్పుడు 1.5 అంగుళాలు. మైక్రోమీటర్‌తో ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా కొలవాలి. నాది రెండు వైపులా రెండు కొలతలు చూపించింది, అంటే గుండ్రం పోయి కోడిగుడ్డు అయింది. మీదున్న రాడ్ మాత్రం కొత్తది! ఎవరో అరిగిన పిన్ మీద కొత్త రాడ్ వేసి, రంగు కొట్టి చేతులు దులుపుకున్నారు. ఈ ఇంజన్లలో కనెక్టింగ్ రాడ్ అల్యూమినియం, మధ్యలో మార్చుకునే బేరింగు పొరలు ఉండవు, రాడ్ నేరుగా పిన్ మీదే తిరుగుతుంది. ఆయిల్ పంపు కూడా లేదు, రాడ్ కింద ఉండే చిన్న నాలుక ఆయిల్‌లో మునిగి చిమ్మితేనే అన్నిటికీ తడి. ఆయిల్ తగ్గితే ముందు పోయేది ఇదే జాయింటు. లేత్ పనివాళ్ళ దగ్గర పిన్‌ని 10 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) గ్రైండింగ్ చేయించి, దానికి సరిపడా అండర్‌సైజ్ రాడ్ వేశాను. ఈ పని తప్పించుకోవడానికి చూసేవాళ్ళందరికీ నేను చెప్పేది ఒకటే, పిన్ కొలవకుండా రాడ్ కొనకండి.

ఇక ఎక్కించడం. ఈ బళ్ళలో ఇంజన్ ఫ్లైవీల్ సీటు వైపు తిరిగి ఉంటుంది, షాఫ్టు అక్కడినుంచి నేరుగా వెనక గేర్‌బాక్స్‌కి వెళ్తుంది. గేర్ బండికి ఫ్లైవీల్ మీద మూడు పిన్నుల డ్రైవర్ (షాఫ్టుని తిప్పే ముక్క) ఉండాలి, గేర్ల బదులు ఆయిల్ ఒత్తిడితో నడిచే హైడ్రో బండికి ఆ అమరిక వేరు. మీ రెండిట్లో ఒకటి గేర్, ఒకటి హైడ్రో అయితే అదొక పని అదనం. ఇంజన్ వెంట్రుకవాసి పక్కకి కూర్చున్నా షాఫ్టు చివర బుష్, వెనక కప్లింగ్ పిన్నులు తినేస్తుంది. బోల్టు రంధ్రాలు పొడుగు చేసి సర్దేస్తామనేవాళ్ళ మాట వినకండి, బెల్టు బండికి చెల్లే సర్దుబాటు షాఫ్టు బండికి చెల్లదు.

వీల్ హార్స్ అనే వేరే కంపెనీ గార్డెన్ ట్రాక్టర్లు ఉన్నవాళ్ళు ఈ విషయంలో అదృష్టవంతులు. బెల్టు, పక్కన పుల్లీ, పుల్లీ సైజు వరస కుదిరితే ఇంజన్ కుదిరినట్టే. అయినా వాళ్ళకీ ఒక తిరకాసు ఉంది, వెనక ఇరుసు కొన్నిటికి 1 అంగుళం, ఎనిమిది గేర్ల వాటికి 1 1/8. చక్రం హబ్ కొనేముందు ఇది కొలవకపోతే హబ్ చేతిలో పట్టుకుని కూర్చోవాలి. ఇంకో పక్క రంగు వేరైనా లోపల ఒకటే అయిన బళ్ళూ ఉన్నాయి. ఆలిస్ చామర్స్ పేరుతో వచ్చిన బి-10 లాంటివి సింప్లిసిటీ అనే కంపెనీ తయారు చేసినవే, ఆ కంపెనీని 1965లో ఆలిస్ చామర్స్ కొనేసింది కూడా. కాబట్టి నారింజ రంగు బండికి పార్టు దొరకలేదని ఏడ్చేవాళ్ళు పక్క పేరుతో వెతికితే దొరుకుతుంది. రంగు చూసి వెతకడం మానాలి.

మొదటిసారి స్టార్ట్ అయినప్పుడు నా టెన్షన్ చెప్పలేను. పట్టుకుంది, పొగ తగ్గింది, శబ్దం కుదురుకుంది. కానీ ఛార్జింగ్ లేదు. ఆ కాలం బళ్ళలో స్టార్టర్, జనరేటర్ రెండూ ఒకటే డబ్బా, బెల్టుతో తిరుగుతుంది. విప్పి బిగించాక దానికి కరెంటు దిక్కు గుర్తు చేయాలి. ఇంజన్ ఆపి ఉంచి, రెగ్యులేటర్ మీద బ్యాట్, జెన్ అని ఉన్న రెండు స్క్రూలకి ఒక వైరు ముక్క ఒక్క క్షణం తాకించాలి, చిటుక్కున మెరుపు వస్తుంది, తీసేయాలి. అంతే, ఆంపియర్ ముల్లు కుడివైపు వాలింది. ఇది తెలియక ఎంతమంది మంచి జనరేటర్లు పారేసి వేరేవి కొన్నారో!

కొన్నారంటే గుర్తొచ్చింది. నడిచే బండి కొని, విప్పి, ముక్కలుగా అమ్ముకునేవాళ్ళ మీద నాకు చాలా మంట. ఒకాయన నాకు మంచి కండిషన్ అని స్టార్టర్ జనరేటర్ పంపాడు. పైన నిగనిగలాడే నలుపు రంగు. విప్పితే బ్రష్‌లు అరిగి వైరు కమ్యుటేటర్ మీద గీతలు పెట్టేసింది. రంగు కింద ఏముందో చూడకుండా రంగు వేయడం నా దృష్టిలో మోసమే. ఇలాంటివాళ్ళు ఒక్కో బండిని విప్పేకొద్దీ మొత్తం బళ్ళే తగ్గిపోతున్నాయి. ఫార్మాల్ కబ్ అనే నిజమైన ట్రాక్టర్ నుంచి గేర్‌బాక్స్ తెచ్చి 1961 మోడల్‌గా మొదలుపెట్టిన బండి ఇది, వెనక కేసింగ్ పోత ఇనుము, ఆ బరువు ఎత్తి చూసినవాడు దాన్ని కాటా మీద పెట్టడు. వీటిని తయారు చేసిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్ 1981లో ఈ వ్యాపారం అమ్మేసింది, ఇప్పుడు ఎవరూ ఇవి మళ్ళీ పోయరు.

నా 128 ఏమైందని అడుగుతారు. దాన్ని స్క్రాప్‌కి వేయలేదు. ప్రతి బోల్టుని డబ్బాల్లో పెట్టి, చీటీ అంటించి, ఛాసిస్ మీద పట్టా కప్పి ఉంచాను. 122లోంచి తీసిన పట్టేసిన ఇంజన్ స్పార్క్ ప్లగ్ తీసి, సిలిండర్‌లో తుప్పు వదిలించే నూనె పోసి, వారాల తరబడి రోజూ ఫ్లైవీల్ అటు ఇటు కొద్దిగా కదిపేవాణ్ణి. ఒకరోజు కదిలింది. రింగులు తుప్పుకి అంటుకున్నాయి, అంతే. 20 థౌ బోర్ కొట్టించి, ఓవర్‌సైజ్ పిస్టన్ వేసి, వెడల్పు పాన్ బిగించి 128లో పెట్టాను. ఇప్పుడు రెండూ నడుస్తున్నాయి. 128 మా బావమరిది దగ్గర ఉంది, ప్లగ్గు పీకినందుకు.

కాబట్టి మీరు చేయాల్సింది, నడిచే బండిని ముట్టుకోకండి. పట్టేసిన దాని ప్లగ్ ఇవాళే తీసి నూనె పోయండి, సుత్తి మాత్రం వాడకండి. రెండు బళ్ళ మోడల్ నంబర్లు, ఛాసిస్ పట్టీల మధ్య వెడల్పు, గేరా హైడ్రోనా రాయండి. పాన్ మారిస్తే సరిపోతుందో లేదో అప్పుడు చెప్తాను.