టెక్ సందేహాలు: పాత పద్మిని ట్యాంకీల జంగు, ఫోన్ కెమెరా పెట్టి చూడొచ్చా?

పరకాల నుంచి ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, మా బాపుది పాత ప్రీమియర్ పద్మిని కారు, ఆరేడేండ్ల సంది షెడ్డులనే ఉన్నది. కొత్త బ్యాటరీ ఏస్తే స్టార్ట్ అయితుంది గానీ నాలుగైదు కిలోమీటర్లు పోంగనే గుంజి గుంజి ఆగిపోతుంది, కొంచెంసేపు ఆగితే మల్ల స్టార్ట్ అయితుంది. ట్యాంకీల జంగు ఉన్నదని మెకానిక్ అంటుండు. ఫోన్‌కి పెట్టే ఎండోస్కోప్ కెమెరా కొని లోపల చూడొచ్చా? బాత్రూం యాసిడ్ పోస్తే పోతదని వీడియోల చూసిన, నిజమేనా?"

కెమెరా కొను తమ్మీ, మంచి పనిముట్టే, కానీ పెట్రోల్ వాసన ఉన్న ట్యాంకీల మాత్రం అస్సలు పెట్టకు. దాని కొసకు ఎల్‌ఈడీ లైట్లు ఉంటయి, వైర్ల కరెంట్ పోతది, అది నీళ్లు దూరకుండ చేసిందే గానీ పెట్రోల్ ఆవిరిల పెట్టనీకి చేసింది కాదు. పెట్రోల్ సున్నాకు 40 డిగ్రీల కింద చలిల కూడ అంటుకునేంత ఆవిరి ఇడుస్తది, ఇంక మన వరంగల్ ఎండల సంగతి చెప్పాలెనా. నిండు ట్యాంకీ కంటే ఖాళీ ట్యాంకీతోనే ఎక్కువ భయం, ఏంటికంటే ఆవిరీ గాలీ కలిసేది ఖాళీ జాగలనే. అందుకే ముందు ట్యాంకీ ఇప్పి, సర్ఫ్ ఏసిన వేడి నీళ్లతోని వాసన పూర్తిగ పోయేదాంక మల్ల మల్ల కడిగి, ఆరినంకనే కెమెరా పెట్టు.

ఇప్పుడు అసలు సంగతి. ఆగి మల్ల స్టార్ట్ అయితుందంటే మెకానిక్ మాట నిజమే అయి ఉంటది. బండి నడుస్తున్నంతసేపు పంపు పెట్రోల్ గుంజుతది, దాంతోని జంగు పొట్టు పోయి లోపలి పైపు మూతికాడ జాలీకి అతుక్కుంటది, ఇంజిన్ ఆగంగనే గుంజుడు ఆగుతది కాబట్టి ఆ పొట్టు మెల్లగ కిందికి రాలుతది, దారి ఖుల్లా అయితది. కానీ ట్యాంకీ ఇప్పే ముందు ఒక పని చెయ్యి, బండి ఆగిన జాగలనే పెట్రోల్ మూత తియ్యి. సుయ్‌మని గాలి లోపటికి గుంజితే మూతల గాలి రంధ్రం మూసుకపోయింది, గంతే, జంగుతోని సంబంధం లేదు. గాలి గుంజకపోతే పంపు ముందు పైపు ఊడదీసి గాజు సీసల కొంచెం పెట్రోల్ పట్టి నిలవెట్టు. అడుగుకు ఇటుక రంగు పొడి దిగితే జంగే. పెట్రోల్ కింద నీళ్లు వేరే పొరగ కనవడితే జంగు ఎందుకొచ్చిందో కూడ తెలిసినట్టే. సగం ఖాళీ ట్యాంకీల పగటి వేడికి గాలి ఉబ్బి బయటికి పోతది, రాత్రి చల్లవడంగనే తేమ గాలి లోపటికొస్తది, ఆ తేమ రేకుకు పట్టి చెమటలెక్క కారి అడుగుకు చేరుతది. నీళ్లు పెట్రోల్ కంటే బరువు కదా, అడుగునే ఉండి రేకును తింటయి. వానకాలాలు అన్ని గడిచినయంటే ఇంక జంగు పట్టకుండ ఎట్ల ఉంటది!

బాత్రూం యాసిడ్ మాత్రం వద్దు, ఎవలు చెప్పినా వద్దు. అది జంగును తింటది, జంగుతోపాటు మంచి రేకును కూడ తింటది, పైగా కడిగినంక గంటల్నే ఎర్రగ కొత్త జంగు లేస్తది. కిరాణంల దొరికే నిమ్మ ఉప్పు చాలు. ముందు పెట్రోల్ ముల్లుకు సంబంధించిన ఫ్లోట్ యూనిట్ ఇప్పి పక్కకు పెట్టు. లీటర్ వేడి నీళ్లకు 50 గ్రాముల చొప్పున కలిపి మూతి దాంక నింపాలె, పద్మిని ట్యాంకీకి 2 కిలోల దగ్గర పడుతది. ఒక రాత్రంత ఉంచు, పొద్దుగాల కెమెరా పెట్టి చూడు, ఇంకా పొక్కులు కనవడితే ఒకసారి కొత్త నీళ్లతోని మల్ల చెయ్యి. పొట్టు మందంగ ఉంటే ముందుగాల సన్న చెయిన్ ఏసి ఊపొచ్చు, కొసకు గట్టి తీగ కట్టి ఏయాలె. ఇడి నట్లు, కంకర ఏస్తే లోపల అడ్డ రేకుల సందుల ఇరుక్కుని రావు.

అందరు ఆగమయ్యేది ఇక్కడ్నే: నీళ్లు పారవోసి ఎండకు పెట్టి చాయ్ తాగనీకి పోతరు, అచ్చేసరికి లోపలంత పసుపు పచ్చ. నిమ్మ నీళ్లు తీసిన వెంటనే వంట సోడా కలిపిన నీళ్లతోని కడగాలె, మంచి నీళ్లతోని ఇంకోసారి కడగాలె, ఆ వెంటనే బ్లోయర్ పెట్టి వేడి గాలి కొట్టాలె. ఆరంగనే కొంచెం టూ-స్ట్రోక్ ఆయిల్ పోసి అన్ని మూలలకు పట్టేటట్టు తిప్పాలె. ఈ పని మొదలువెడితే మధ్యల ఇడిసిపెట్టకు, ఒకటే ఊపుల కానియ్యి.

లోపల కోటింగ్ కొట్టియ్యాలెనా అని నువ్వు అడగలేదు గానీ దుకాణంల అడుగుతరు. చిల్లులు లేకపోతే వద్దంటా. సరిగ అతకని కోటింగ్ కొన్నాళ్లకు పొరలు పొరలుగ లేసి ఆ జాలీనే మూస్తది, అప్పుడు జంగు కంటే పెద్ద తలనొప్పి. సూది బెజ్జాలు ఉంటే తప్పదు, అప్పుడు ఇథనాల్‌కు ఆగుతదని డబ్బా మీద రాసి ఉన్నదే తీసుకో. 2023ల ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ మొదలైంది, ఇథనాల్ తేమను గుంజుకుంటది, నీళ్లు ఎక్కువైతే వాటితోని కలిసి అడుగుకు దిగుతది. పాత రబ్బరు పైపులను కూడ మెత్తవెడుతది, అవి ఎట్లైనా మార్చు. చిల్లు అతికియ్యనీకి వెల్డింగ్ షాపుకు ఇచ్చేటట్టయితే, ట్యాంకీల పని తెలిసినోళ్లకే ఇయ్యి, లోపల ఆవిరి లేకుండ చేసినంకనే మంట పెట్టేటోళ్లకు. ఈ ఒక్క విషయంల పైసల లెక్క చూడకు.

బిగించినంక పంపుకు ముందు ఒక పారదర్శక ఫిల్టర్ పెట్టు, బాణం గుర్తు పంపు దిక్కు ఉండాలె. మొదటి 100 కిలోమీటర్లకు తీసి చూసి మార్చు. కార్బురేటర్ గిన్నెల కూడ పొడి దిగి ఉంటది, అది కూడ ఇప్పి కడిగియ్యి. బండి ఊకె నిలవడితే ట్యాంకీ నిండుగ ఉంచు, నెలకోసారన్న తిప్పు.

కరీంనగర్ నుంచి ఇంకో ప్రశ్న: "అంబాసిడర్‌ల ట్యాంకీ కడిగించినంక పెట్రోల్ ముల్లు అస్సలు కదులుత లేదు, మీటర్ మార్చాలెనా?" అప్పుడే మార్చకండి అన్నా. ఫ్లోట్ యూనిట్‌కు ఎర్త్ ట్యాంకీ బాడీ నుంచే వస్తది, బోల్టుల కాడ జంగు ఉన్నా కొత్త పెయింట్ ఉన్నా అది తెగుతది. ఫ్లోట్ యూనిట్ బాడీ నుంచి చాసిస్‌కు ఒక వైరు కలిపి చూడండి, కలిపేటప్పుడు బ్యాటరీ ఊడదీసి ఉంచండి.