365 రోజులా, 12 నెలలా? పన్ను లెక్కకు ఎక్సెల్ కాలమ్

ప్రశ్న: నా మ్యూచువల్ ఫండ్ల కొనుగోళ్లు, అమ్మకాలు ఎక్సెల్‌లో రాసుకుంటున్నాను. ప్రతి వరుసలో లాభం స్వల్పకాలికమో దీర్ఘకాలికమో చూపే కాలమ్ కోసం, రోజుల తేడా 365 దాటితే దీర్ఘకాలికమని ఇఫ్ ఫార్ములా రాశాను. సరిపోతుందా? – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: సరిపోదండీ. ఈక్విటీ ఫండ్ల (ప్రధానంగా షేర్లలో మదుపు చేసేవి) విషయంలో చట్టం చూసేది రోజులను కాదు, 12 నెలలను. 2024 జనవరి 10న కొన్న యూనిట్లను 2025 జనవరి 10న అమ్మారనుకోండి. మధ్యలో ఫిబ్రవరి 29 ఉన్నందున తేడా 366 అయి, మీ ఫార్ములా వాటిని దీర్ఘకాలికమంటుంది. కానీ అక్కడికి 12 నెలలు నిండాయే తప్ప దాటలేదు కనుక ఆ లాభం స్వల్పకాలికమే, పన్ను 12.5 శాతం కాక 20 శాతం. కాబట్టి కొన్న తేదీకి ఈడేట్ ఫంక్షన్‌తో 12 నెలలు కలిపి, అమ్మిన తేదీ దానికన్నా తర్వాతిదా అని అడగండి. సిప్ అయితే ప్రతి వాయిదాకూ విడిగా వరుస ఉండాలి. ముందు కొన్న యూనిట్లే ముందు అమ్మినట్లు లెక్క.

షరతులను ఏ క్రమంలో రాశారన్నది ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఇఫ్‌లో ఇఫ్ పెట్టినప్పుడు మొదట నిజమైన షరతు దగ్గరే జవాబు తేలిపోతుంది. అమ్మిన తేదీ గడి ఖాళీగా ఉందేమో ముందే చూడకపోతే, ఎక్సెల్ ఆ ఖాళీని సున్నాగా తీసుకుని, మీరింకా అమ్మని యూనిట్లకూ ‘స్వల్పకాలికం’ అని రాసేస్తుంది. ఆ తర్వాత డెట్ ఫండ్ల (బాండ్ల వంటి రుణపత్రాల్లో మదుపు చేసేవి) వంతు: 2023 ఏప్రిల్ 1 నుంచి కొన్నవాటిని ఎన్నేళ్లు ఉంచినా లాభం స్వల్పకాలికమే, పన్ను మీ శ్లాబు ప్రకారమే, అంతకుముందు కొన్నవాటిని ఇప్పుడు అమ్మితే, దీర్ఘకాలికం కావడానికి 24 నెలలు దాటి ఉండాలి. ఈక్విటీ షరతును చివర పెట్టండి.

కాలమ్ మొత్తం ‘దీర్ఘకాలికం’ అనే వస్తే సంతోషించే ముందు, అమ్మిన తేదీలు టెక్స్ట్‌గా దిగాయేమో చూడండి; ఎక్సెల్‌కు అసలు తేదీ అంటే ఒక సంఖ్యే, పోల్చేటప్పుడు అది టెక్స్ట్‌ను ఏ సంఖ్యకన్నా పెద్దదిగానే లెక్కిస్తుంది.

చాలామంది రూ.1.25 లక్షల మినహాయింపును కూడా ఇదే ఫార్ములాలో ఇరికిస్తారు. అది ఆర్థిక సంవత్సరం మొత్తం మీద ఈక్విటీ దీర్ఘకాలిక లాభానికి ఒక్కసారే దక్కేది కనుక, వరుస వరుసకూ తీసేస్తే పన్ను తక్కువగా కనిపిస్తుంది. అమ్మిన నెల 4 లేదా ఆపైన అయితే ఆ సంవత్సరం, లేకుంటే దాని ముందుది అని ఇంకో ఇఫ్ కాలమ్ చేర్చి, షరతుకు సరిపోయే వరుసలను మాత్రమే కూడే సమ్‌ఇఫ్స్‌తో ఏటి ఈక్విటీ దీర్ఘకాలిక లాభనష్టాలు కూడి, మినహాయింపును ఆ మొత్తంలోంచే తీసివేయండి.