బటన్ దాచే ముందు

తమ్ముడూ,

నువ్వు రాస్తున్న ఐఫోన్ యాప్‌లో, ప్రొఫైల్ స్క్రీన్‌లో పైన కుడివైపు ఉన్న ‘ఎడిట్’ బటన్ ఒకసారి దాచాక మళ్లీ రావడం లేదని రాశావు. నువ్వు పంపిన కోడ్ చూశాను. దాచడానికి రైట్‌బార్‌బటన్‌ఐటమ్‌కి (పైపట్టీలో కుడివైపు బటన్ ఉండే చోటు) నిల్, అంటే ‘ఏమీ లేదు’ అని ఇస్తున్నావు, అందులో తప్పేమీ లేదు. కానీ ఆ బటన్ అవుట్‌లెట్‌ని, అంటే స్క్రీన్ మీది బటన్‌ని కోడ్‌తో కలిపే వేరియబుల్‌ని, వీక్‌గా పెట్టావు. వీక్ అంటే అది బటన్‌ని మెమరీలో పట్టి ఉంచదు. పైపట్టీలో ఏముండాలో దాచుకునే నేవిగేషన్ ఐటమ్ వదిలేయగానే బటన్‌ని పట్టుకుని ఉంచేవాళ్లు ఇంకెవరూ లేక అది మెమరీలోంచే పోతోంది. తిరిగి చూపిద్దామనుకునేసరికి నీ దగ్గర ఉన్నదీ నిల్లే. యాప్ క్రాష్ కూడా అవదు కాబట్టి కారణం దొరకడం కష్టం. వీక్ తీసేయ్, బటన్ వస్తుంది.

ఇలా పైపట్టీలో ఉండే బటన్ రకం, యూఐబార్‌బటన్‌ఐటమ్, అసలు వ్యూ (స్క్రీన్ మీద నేరుగా గీసే వస్తువు) కాదు. అందుకే మామూలు బటన్లకుండే ఈజ్‌హిడెన్ అనే దాచే సెట్టింగ్ దీనికి చాలాకాలం లేదు, 2022లో ఐఓఎస్ 16తో వచ్చింది. మీ యాప్ అంతకన్నా పాత వెర్షన్లలో నడవక్కర్లేదంటే హాయిగా అదే వాడుకో.

టింట్ రంగుని (బటన్ రంగు) క్లియర్, అంటే పారదర్శకం చేసి దాచే పని మాత్రం ఎప్పుడూ చెయ్యకు. అలా చేస్తే బటన్ కనబడదు గానీ అక్కడే ఉంటుంది, వేలు తగిలితే పనిచేస్తుంది కూడా. చూపు లేనివాళ్లు వాయిస్‌ఓవర్‌తో (స్క్రీన్ మీద ఉన్నది చదివే ఐఫోన్ సదుపాయం) యాప్ వాడుతుంటే అది ఆ బటన్ పేరు చదివి వినిపిస్తుంది. బటన్‌ని డిసేబుల్ చేసినా, అంటే నొక్కినా పనిచేయకుండా చేసినా, చదవడం మానదు. మనం తీసేశామనుకున్న బటన్ వాళ్లకి అడ్డంగా తగులుతూనే ఉంటుంది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

దాచాలా, మసకబార్చాలా అన్నది ముందే తేల్చుకో. వేరేవాళ్ల ప్రొఫైల్‌లో ‘ఎడిట్’కి పనే లేదు, దాచు. యూజర్లు ఫారం సగమే నింపితే ‘సేవ్’ని దాచకు. డిసేబుల్ చేసి అక్కడే ఉంచితే ఇంకా ఏదో నింపాలని వాళ్లకి అర్థమవుతుంది.

ఇప్పుడు నీ కోడ్‌లో దాచే లైన్లు ఎక్కడపడితే అక్కడ ఉన్నాయి. అవన్నీ ఒక్క ఫంక్షన్‌లోకి తీసుకురా. యూజర్ ఎవరు, ఎడిటింగ్ నడుస్తోందా అని చూసి ఆ ఫంక్షనే కుడివైపు బటన్ల వరుస మొత్తాన్ని కొత్తగా పెట్టాలి. వరుసలో మొదటిది కుడి అంచున వస్తుందని గుర్తుంచుకో.

వెనక్కి వెళ్లే బటన్ దగ్గర ఇంకా జాగ్రత్త. దాన్ని దాచే సెట్టింగ్ హైడ్స్‌బ్యాక్‌బటన్‌ని ట్రూ చేస్తే అంచు నుంచి స్వైప్ చేసి వెనక్కి వెళ్లడం కూడా ఆగిపోతుంది. ఎడిటింగ్‌లో దాన్ని దాచేటప్పుడు ఎడమవైపు ‘క్యాన్సిల్’ తప్పకుండా పెట్టు. మార్చాక వాయిస్‌ఓవర్ ఆన్ చేసి ఒకసారి మొత్తం నడిపి చూసి, కోడ్ నాకు పంపు.

మీ అన్న