తట్టేకాడ్‌లో పిట్టలు కనపడటం లేదా? నడక ఆపి చూడండి

కేరళలోని తట్టేకాడ్ పక్షుల అభయారణ్యంలో తిరిగినా పిట్టలు కనపడలేదని, ఎందుకని అడుగుతూ రాశారు కదా. ఉదయం తొమ్మిదింటికి బయలుదేరి ఐదు గంటలు ఆగకుండా నడవడమే కారణం. కూతలు వినిపించాయని మీరే రాశారు. అంటే పిట్టలు ఉన్నాయి, మీ అడుగుల చప్పుడుకి ఆకుల చాటుకు పోయాయి.

1. రేపు ఆరున్నరకల్లా అడవి అంచున ఉండండి.

2. అందరూ వదిలేసేది ఇదే: ఒకేచోట ఇరవై నిమిషాలు కదలకుండా నిలబడండి. తోక చివర రెండు పొడవాటి ఈకలు వేలాడే నల్ల పిట్ట, రాకెట్ టెయిల్డ్ డ్రాంగో, కనిపిస్తే ఇంక అడుగు వేయొద్దు. అది తరచూ వేరే పిట్టల గుంపుతో కలిసి తిరుగుతుంది. అవి పురుగులు ఏరుకుంటూ వాటంతట అవే మీ ముందుకొస్తాయి. నేను మొదటిసారి అలా నిలబడినప్పుడు, ఖాళీ అనుకున్న చెట్టు నిమిషంలో నిండిపోయింది.

3. బైనాక్యులర్ కోసం తల దించకండి. చూపు పిట్ట మీదే ఉంచి, బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి ఎత్తండి.

4. మీరు అడిగిన శ్రీలంక ఫ్రాగ్‌మౌత్ అనే పిట్ట మాత్రం మన కంటికి దొరకడం కష్టం. పగలంతా ఎండుటాకులా కొమ్మ మీద నిద్రపోతుంది. ఊళ్లోని గైడ్‌ను తీసుకెళ్లండి. దయచేసి ఫ్లాష్ వేయొద్దు.