లివర్ క్యాన్సర్: ఇమ్యునోథెరపీకి ముందు ఎండోస్కోపీ ఎందుకు?

ప్రశ్న: నాన్నగారికి 61 ఏళ్లు. హెపటైటిస్ బి వల్ల లివర్ గట్టిపడి, క్యాన్సర్ గడ్డ వచ్చింది. ఆపరేషన్ కుదరదు, రోగనిరోధక శక్తిని రేపే ఇమ్యునోథెరపీ మందు అటెజోలిజుమాబ్, దాంతోపాటు బెవాసిజుమాబ్ ఎక్కిస్తామన్నారు. కడుపునొప్పేమీ లేదు, అయినా ముందు ఎండోస్కోపీ చేయించుకు రమ్మంటున్నారు. అవసరమా?
– ఓ పాఠకుడు, పాలకొల్లు

జవాబు: అవసరమేనండి. లివర్ గట్టిపడితే పేగుల నుంచి వచ్చే రక్తానికి దారి చాలదు. పూడిక పడిన కాలువలో నీళ్లు గట్టు మీదికి ఎగదన్నినట్టు, అన్నవాహిక అడుగున రక్తనాళాలు ఉబ్బుతాయి. నొప్పి ఉండదు. పగిలినప్పుడే నల్లటి విరేచనంగానో రక్తపు వాంతిగానో బయటపడుతుంది. గడ్డకు కొత్త రక్తనాళాలు పెరగకుండా ఆపే బెవాసిజుమాబ్‌తో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది కాబట్టి, ఎండోస్కోపీలో ఆ రక్తనాళాలు పెద్దవిగా కనిపిస్తే వాటికి రబ్బరు బ్యాండ్లు వేశాకే మొదలుపెడతారు.

ఈ రెండు మందుల జోడీని రోగులపై పరీక్షించిన, 2020లో తొలి ఫలితాలు వెలువడిన ఐఎంబ్రేవ్150 పరీక్షలో గడ్డ బాగా తగ్గింది దాదాపు 30 శాతం మందికే. సగం మంది 19.2 నెలలు దాటి బతికారు. అంతకుముందు నుంచీ వాడుతున్న సోరాఫెనిబ్ మాత్రలతో అది 13.4 నెలలు. వాళ్లంతా లివర్ పనితీరు బాగున్నవాళ్లు. కామెర్లు, పొట్టలో నీరు ఉన్నవాళ్లు ఈ అంకెలు చూసి ఆశ పెట్టుకోకూడదు.

మోతాదు 21 రోజులకోసారి: అటెజోలిజుమాబ్ 1200 మి.గ్రా., బెవాసిజుమాబ్ కిలో బరువుకు 15 మి.గ్రా. (60 కిలోలకు 900). ప్రతిసారీ బీపీ, మూత్రంలో ప్రొటీన్, లివర్ పరీక్షలు చూడాలి. అప్పుడప్పుడు థైరాయిడ్ కూడా.

హెపటైటిస్ బి వైరస్‌ను అదుపులో ఉంచే ఎంటెకావిర్ గానీ టెనోఫోవిర్ గానీ వాడుతుంటే ఒక్కరోజు కూడా మానొద్దు. మానితే వైరస్ విజృంభించి రక్తంలో లివర్ ఎంజైములు పెరుగుతాయి. అది వైరస్ పనా, మందు రేపిన రోగనిరోధక శక్తి లివర్ మీద పడిందా అన్నది తేలేదాకా సూది ఆపేయాల్సి వస్తుంది. రెండోదైతే స్టెరాయిడ్లు వాడతారు. విరేచనాలు మామూలు కన్నా రోజుకు నాలుగైనా ఎక్కువైతే మెడికల్ షాపు బిళ్లతో సరిపెట్టకుండా వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి.

ప్రశ్న: ఫ్యాటీ లివర్ వల్ల వచ్చిన క్యాన్సర్‌కి ఇమ్యునోథెరపీ పనిచేయదట, నిజమేనా?
– అమలాపురం పాఠకురాలు

జవాబు: 2021లో 'నేచర్'లో వచ్చిన పరిశోధన ఆ అనుమానం రేపింది. ఫ్యాటీ లివర్ ఉన్న ఎలుకల్లో ఇమ్యునోథెరపీ మందు క్యాన్సర్‌ని తగ్గించకపోగా లివర్‌నే దెబ్బతీసింది. కానీ రోగులపై జరిగిన 'హిమాలయా' అనే 2022 నాటి పరీక్షలో హెపటైటిస్ వైరస్ లేనివాళ్లకీ ట్రెమెలిముమాబ్, దుర్వాలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందుల జోడీ మేలు చేసింది. ఆ ఒక్క కారణంతో మందు వద్దనడం తొందరపాటే.

ప్రశ్న: పథ్యంగా చేపలు మానిపించాలా?
– రాజోలు

జవాబు: వద్దు. కండ కరగకుండా ప్రొటీన్ కావాలి. ఉడికించిన చేప, గుడ్డు పెట్టండి, పడుకునే ముందు కాస్త ఏదైనా తినిపించండి. పొట్టలో నీరుంటే ఎండుచేపలు, ఆవకాయ మాత్రం మానాల్సిందే, ఉప్పు మరీ ఎక్కువ.