తనంతట తానే ఆగిపోయే కంప్యూటర్

ప్రశ్న: ఇంట్లో డీటీపీ పనికి వాడుతున్న మా డెస్క్‌టాప్ కంప్యూటర్ కొని ఏడేళ్లయింది. ఇంటెల్ ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, విండోస్ 10 ఉన్నాయి. ఎండలు ముదిరినప్పటి నుంచి అది ఉన్నట్టుండి ఆగిపోతోంది. ఏ హెచ్చరికా రాదు. మానిటర్ మీద మాత్రం ‘నో సిగ్నల్’ అని కనిపిస్తుంది. వెంటనే ఆన్ చేస్తే రెండు మూడు నిమిషాల్లో మళ్లీ ఆగుతుంది, కాసేపు వదిలేసి ఆన్ చేస్తే గంట వరకు నడుస్తుంది. పెద్ద పీడీఎఫ్ తయారుచేసేటప్పుడైతే తప్పకుండా ఆగుతుంది. షాపులో విండోస్ ఫార్మాట్ చేసి ఇచ్చినా గుణం కనిపించలేదు. విండోస్ తనలో జరిగినవి రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్ పవర్ 41’ అని ఉంది కాబట్టి ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా) పోయిందని ఒకరు, మదర్‌బోర్డు మార్చాలని మరొకరు అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందుగా మీ పని ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకో బయటి హార్డ్ డిస్క్‌లోకో కాపీ చేసి పెట్టుకోండి. ఇలా అర్ధంతరంగా కరెంటు తెగిన ప్రతిసారీ, ఆ క్షణాన రాస్తున్న ఫైలు పాడయ్యే అవకాశం ఉంటుంది.

ఇక ఆ 41 సంగతి. విండోస్ సక్రమంగా షట్‌డౌన్ కాకుండానే ఆగిపోయిందని, మళ్లీ ఆన్ అయినప్పుడు గుర్తించి రాసుకునే నమోదు మాత్రమే అది. కరెంటు పోయినా, ప్లగ్ ఊడినా, ప్రాసెసర్ వేడెక్కి ఆగిపోయినా, పవర్ బటన్‌ను 4 సెకన్లు నొక్కి పట్టుకున్నా అదే 41 పడుతుంది. దాన్ని చూపించి ఎస్‌ఎంపీఎస్ పోయిందని తేల్చడం సరికాదు. ఆ నమోదు మీద రెండుసార్లు క్లిక్ చేసి ‘డీటెయిల్స్’ తెరిస్తే ‘బగ్‌చెక్ కోడ్’ అనే వరుస కనిపిస్తుంది. అక్కడ సున్నా ఉంటే, విండోస్ తన లోపలి పొరపాటును నమోదు చేసుకునే వ్యవధి కూడా లేకుండా కంప్యూటర్ ఆగిపోయిందని అర్థం చేసుకోవచ్చు. సున్నా కాక వేరే అంకె ఉంటే అప్పుడు ర్యామ్‌ను, డ్రైవర్లను అనుమానించాలి. ఫార్మాట్ చేసినా తీరు మారలేదంటే, మీ విషయంలో సున్నాయే ఉండవచ్చునని నా అభిప్రాయం.

మీరు రాసిన రెండు వివరాలు ఎంతో విలువైనవి. కంప్యూటర్ ఆగినా మానిటర్ వెలుగుతూ ‘నో సిగ్నల్’ అని చూపిస్తోందంటే, మానిటర్ కూడా అదే యూపీఎస్‌కు తగిలించి ఉన్న పక్షంలో, తప్పు యూపీఎస్‌ది కాదు, ఇంటి కరెంటుదీ కాదు. క్యాబినెట్ వెనుక పవర్ కేబుల్ వదులుగా లేదని ఒకసారి గట్టిగా నొక్కి చూసుకుంటే ఆ దిక్కున పరీక్ష పూర్తయినట్టే. రెండోది, వెంటనే ఆన్ చేస్తే నిమిషాల్లో ఆగడం, చల్లారాక గంటసేపు నడవడం, బరువైన పని ఇవ్వగానే ఆగడం. ఈ మూడూ కలిసి వచ్చాయంటే మొదట చూడవలసింది ప్రాసెసర్ వేడిని. ఆ తరం ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 100 డిగ్రీల సెల్సియస్. వేడి ఆ హద్దుకు చేరగానే ప్రాసెసర్ మొదట తన వేగాన్ని తగ్గించుకుంటుంది, అప్పటికీ వేడి పెరుగుతూ పోతే తాను కాలిపోకుండా ఉండేందుకు విండోస్‌కు చెప్పకుండానే కరెంటు తెంపించేస్తుంది. అంటే మీ కంప్యూటర్ చెడిపోయి ఆగుతున్నది కాదు, చెడిపోకుండా కాపాడుకోవడానికి ఆగుతూ ఉండవచ్చు.

దీన్ని రూపాయి ఖర్చు లేకుండా నిర్ధారించుకోవచ్చు. కంప్యూటర్ పూర్తిగా చల్లారాక ఆన్ చేస్తూనే డిలీట్ లేదా ఎఫ్2 కీ నొక్కి బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల తెరలోకి) వెళ్లి, ‘హార్డ్‌వేర్ మానిటర్’ లేదా ‘పీసీ హెల్త్’ అనే పేజీలో సీపీయూ (అంటే ప్రాసెసర్) ఉష్ణోగ్రతను కొన్ని నిమిషాలు గమనించండి. ఖమ్మం ఎండల్లో గదిలోనే 40 డిగ్రీలు ఉంటే అక్కడ 55, 60 చూపినా కంగారుపడనక్కర్లేదు. ఏ పనీ చేయకుండానే అంకె ఆగకుండా ఎక్కుతూ 85, 90 దాటిందంటే మాత్రం ప్రాసెసర్ వేడి హీట్‌సింక్‌కు (దాని మీద కూర్చుని వేడిని లాగేసే లోహపు దిమ్మకు) సరిగా చేరడం లేదన్నమాట. అదే పేజీలో సీపీయూ ఫ్యాన్ వేగం కూడా ఉంటుంది, సున్నా చూపిస్తే కారణం అక్కడికక్కడే దొరికినట్టు.

తర్వాత ప్లగ్ తీసి, సైడ్ డోర్ విప్పండి. ఫ్యాన్ రెక్కల మీది దుమ్ము అందరికీ కనిపిస్తుంది, కానీ అసలు అడ్డు ఫ్యాన్ కింద, హీట్‌సింక్ అల్యూమినియం రేకుల మధ్య దట్టంగా పేరుకుపోయిన బూజులో ఉంటుంది. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్‌ను వేలితో తిరగకుండా ఆపి పట్టుకోవాలి, లేకుంటే మితిమీరిన వేగంతో తిరిగి దాని బేరింగ్ దెబ్బతింటుంది. ఇంకొక చోటు చాలామంది చూడరు. ఇంటెల్ ప్రాసెసర్‌తో పాటు వచ్చే కూలర్‌ను నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ పిన్నులు మదర్‌బోర్డుకు బిగించి ఉంచుతాయి. ఏళ్ల తరబడి వేడికి వాటిలో ఒకటి పెళుసుబారి విరిగినా, రంధ్రంలోంచి పైకి లేచినా, ఆ మూల హీట్‌సింక్ ప్రాసెసర్‌ను సరిగా తాకదు. ఫ్యాన్ చక్కగా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఒక్కొక్క మూలను వేలితో మెల్లగా కదిపి చూడండి. ఎక్కడైనా ఊగితే కూలర్‌ను విప్పి, ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్‌కు చేరవేసే, ఎండిపోయిన పాత థర్మల్ పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, నడిమధ్య కందిగింజంత కొత్త పేస్ట్ వేసి బిగించాలి. పిన్ను విరిగి ఉంటే కొత్త కూలరే వేయించుకోండి, ఫ్యాన్ ఒక్కటే మారిస్తే ఫలితం ఉండదు. ఈ పని మీకు కొత్తయితే షాపులో చేయించుకోండి, కానీ మీ ఎదురుగా చేయమని అడగండి.

ఆ తర్వాత ప్రాసెసర్ వేడిని చూపే హెచ్‌డబ్ల్యూ మానిటర్ వంటి ఉచిత ప్రోగ్రాంను తెరిచి ఉంచి, మీ పెద్ద పీడీఎఫ్‌ను మళ్లీ తయారుచేయండి. వేడి 80 దాటకుండా ఉన్నా కంప్యూటర్ ఆగిందంటే అప్పుడు ఎస్‌ఎంపీఎస్ వైపు వెళ్లాలి. ముఖ్యంగా, ఆగిన తర్వాత ప్లగ్ తీసి పెడితే తప్ప ఆన్ కాని స్థితి వస్తే అనుమానం దాని మీదే బలపడుతుంది. క్యాబినెట్‌తో కలిపి ఇచ్చే చవక ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లని పెద్ద అక్షరాలతో ఉన్నా, కింద లేబుల్‌లో 12 వోల్టుల వరుసలో 14 యాంపియర్లే ఉంటే, అది ఆ లైన్‌లో ఇవ్వగలిగింది 168 వాట్లే. మల్టీమీటర్ ఉంటే, పసుపు వైరుకూ నలుపు వైరుకూ మధ్య 11.4 నుంచి 12.6 వోల్టుల లోపు ఉందో లేదో బరువైన పని నడుస్తుండగా చూడాలి. అన్నిటికంటే నమ్మదగిన పరీక్ష, తెలిసినవారి దగ్గర బాగా పనిచేస్తున్న ఎస్‌ఎంపీఎస్‌ను ఒక రోజు తగిలించి చూడటం. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మూతను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పవద్దు, ప్లగ్ తీసేసినా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది.

మదర్‌బోర్డు మార్చాలన్న మాటను ఇవన్నీ అయ్యేదాకా పక్కన పెట్టండి. ప్రాసెసర్ చుట్టూ ఉండే చిన్న గొట్టాల వంటి కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నా, వాటి మొదట్లో గోధుమరంగు మరక కట్టి ఉన్నా ఆ మాట నిజం కావచ్చు. అప్పుడైనా మీ ఐ3కి సరిపోయే కొత్త బోర్డు దొరకడం కష్టం, పాత బోర్డుకు గ్యారంటీ ఉండదు. కాబట్టి బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ కలిపి కొత్తవి ఎంతవుతాయో కనుక్కున్న తర్వాతే డబ్బు కట్టండి.