రోగి సంచిలోని కవర్లు కూడా చూడు

చిరంజీవి చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

రెసిడెన్సీ ముగించుకుని, జె-1 వీసా మినహాయింపు మీద (శిక్షణ అయ్యాక రెండేళ్లు స్వదేశానికి తిరిగి వెళ్లాలన్న షరతు నుంచి మినహాయింపు) మూడేళ్లు అమెరికాలోని ఆర్కన్సాస్ రాష్ట్రంలో కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌లో పనిచేయబోతున్నావని మీ అమ్మ చెప్పగానే ఈ ఉత్తరం రాయాలనిపించింది. ఇదే రాష్ట్రంలో, మిసిసిపి నదికి దగ్గరలోని ఒక చిన్న ఊళ్లో నేను అలాంటి కేంద్రంలోనే పాతికేళ్లు పనిచేశాను. మొదటి రోజున చుట్టూ వరి చేలు చూసి కృష్ణా డెల్టాకే వచ్చానా అనిపించింది. మందు ఖరీదు విని చీటీని మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయే మనుషులు అక్కడా ఉన్నారని తెలియడానికి మరో రెండు రోజులు పట్టింది.

డబ్బు ఇవ్వలేరన్న కారణంతో ఎవరినీ తిప్పి పంపకూడదన్నది ఈ కేంద్రాల మూల నియమం. 1965లో బోస్టన్‌లోనూ, ఆ తరువాత నదికి ఆవలి ఒడ్డున మిసిసిపి రాష్ట్రంలోని మౌండ్ బేయూలోనూ మొదలైనప్పటి నుంచి అదే పద్ధతి. ఆదాయం ప్రభుత్వం నిర్ణయించిన పేదరిక ప్రమాణానికి లోపల ఉన్నవారి దగ్గర నామమాత్రపు రుసుము మించి తీసుకోరు, దానికి రెట్టింపు వరకు ఉన్నవారికి కొంత తగ్గింపు ఉంటుంది. పాలకమండలిలో సగానికి పైగా సభ్యులు అక్కడ వైద్యం చేయించుకునేవారే అయి ఉండాలి.

2010 నాటి ఆరోగ్య సంస్కరణ చట్టం ఈ కేంద్రాలకు అయిదేళ్లలో 1,100 కోట్ల డాలర్లు కేటాయించింది. అంతకంటే పెద్ద మార్పు, పేదలకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్‌ను పేదరిక ప్రమాణంలో 138 శాతం వరకు ఆదాయం ఉన్న పెద్దలందరికీ విస్తరించడం. 2012లో సుప్రీంకోర్టు ఆ విస్తరణను రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. మన ఆర్కన్సాస్ 2013లో ఒప్పుకుని 2014 నుంచి అమలు చేసింది, నది దాటితే మిసిసిపి ఇప్పటికీ ఒప్పుకోలేదు. కాలి పుండు ఎముక దాకా వెళ్లాక వచ్చే రోగులు, ఆ ఏడాది తరువాత పుండు పడక ముందే రావడం నా కళ్లతో చూశాను. మెడికెయిడ్ ఉన్న రోగి వచ్చిన ప్రతిసారీ కేంద్రానికి నిర్ణీత మొత్తం అందుతుంది. బీమా లేని రోగిని ప్రభుత్వమిచ్చే గ్రాంటు నుంచే చూడాలి, కానీ రోగులు పెరిగారని గ్రాంటు తనంతట తాను పెరగదు. బీమా పోయినవారు ఎక్కువైతే ముందుగా కోత పడేది సాయంత్రపు క్లినిక్కుకో, పళ్ల డాక్టరు వచ్చే రోజులకో.

2018లో ఏం జరిగిందో నువ్వు తప్పక తెలుసుకోవాలి. విస్తరణ కింద మెడికెయిడ్ పొందిన 30 నుంచి 49 ఏళ్లవారు, ఆ బీమా నిలవాలంటే నెలకు 80 గంటల పనిని నమోదు చేయాలని మన రాష్ట్రం నిబంధన పెట్టింది. మొదట్లో ఆ నమోదు ఇంటర్నెట్‌లో మాత్రమే చేయాలి, ఆ సైటు రాత్రి 9 నుంచి ఉదయం 7 వరకు మూసి ఉండేది. 2019 మార్చిలో కోర్టు ఆపేలోగా 18,000 మందికి పైగా బీమా కోల్పోయారు. వారిలో ధాన్యం మిల్లులో పనిచేసే నా రోగి ఒకరు. నెలకు 80 గంటలు కాదు, కోతల కాలంలో వారానికే 60 గంటలు పనిచేసేవాడు. అక్టోబరులో చక్కెర 400 దాటి వచ్చాడు. కార్డు చెల్లదని మందుల షాపులో చెప్పడంతో ఇన్సులిన్ సగం సగం వేసుకుంటున్నాడు. అతని ప్లాస్టిక్ సంచిలో బీమా గురించి వచ్చిన, విప్పని కవర్లు మూడు ఉన్నాయి. ఆగస్టులో అతను నా గదికి వచ్చినప్పుడు పాదాలు చూశాను, కళ్ల పరీక్షకు రాశాను, ఉత్తరాలేమైనా వచ్చాయా అని మాత్రం అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడగనందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

2025 జులైలో వచ్చిన కేంద్ర ప్రభుత్వ చట్టం అదే 80 గంటల నిబంధనను, విస్తరణ కింద మెడికెయిడ్ పొందిన పెద్దలకు 2027 జనవరి నాటికి దేశమంతటా తెస్తోంది. అర్హతను ఏడాదికోసారి కాక ఆరు నెలలకోసారి తిరిగి చూస్తారు. గర్భిణులకు, 13 ఏళ్లు లేదా అంతకంటే తక్కువ వయసు పిల్లలున్న తల్లిదండ్రులకు, తీవ్ర అనారోగ్యం ఉన్నవారికి మినహాయింపు ఉంది, అయితే ఆ అనారోగ్యం కాగితం మీద కనబడాలి. అందువల్ల రోగి ఎంతసేపు నిలబడలేడో, ఎంత బరువు ఎత్తలేడో, ఏ జబ్బు వల్లనో రికార్డులో విడమరచి రాయి. "మధుమేహం, నిలకడగా ఉంది" అని రాసి వదిలేస్తే మినహాయింపు అడిగేవారికి దానివల్ల ప్రయోజనం ఉండదు. రక్తపోటు చూసినట్టే, బీమా గడువు ఎప్పుడో, చిరునామా మారిందో లేదో ప్రతి రాకలోనూ అడిగించు. దరఖాస్తులు నింపి పెట్టే ఉద్యోగి బల్ల ఎక్కడో వరండా చివరన ఉంటే, నీ గది పక్కకు మార్పించమని మేనేజరును పట్టుబట్టి అడుగు, ఎందుకంటే "రేపు రండి" అన్న రోగుల్లో చాలామందికి మళ్లీ రావడానికి కారు ఉండదు, పనిలో సెలవు దొరకదు. పాత బిల్లులకు వెనుక తేదీ నుంచి బీమా వర్తించే మూడు నెలల వెసులుబాటు కూడా విస్తరణ రోగులకు 2027 నుంచి ఒక నెలకు తగ్గుతోంది కాబట్టి, ఆసుపత్రి నుంచి వచ్చినవారి దరఖాస్తు ఆ రోజే వెళ్లాలి.

ఇంకొకటి. కార్డు పోయినవాళ్లు సిగ్గుపడి రావడం మానేస్తారు. కార్డు లేకపోయినా ఇక్కడ చూస్తామని, తగ్గింపు ధర మందుల పథకం కింద ఇన్సులిన్ ఇప్పించే ప్రయత్నం చేస్తామని నీ నోటితోనే చెప్పు. డాక్టరు చెబితే నమ్మకం కుదురుతుంది.

చేరిన మొదటి వారంలోనే ఒక పూట తెల్లకోటు తీసేసి ముందు బల్ల దగ్గర కూర్చో. ఎవరు ఏ కాగితం తెస్తున్నారో, దేనికి వెనక్కి వెళ్తున్నారో చూసి, ఆ సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ